ఊపిరి బిగపట్టకండి

పాలమూరు పల్లెల్లో ఈత నేర్చినవాళ్లకు ఆ పందెం తెలుసు. బాయి గట్టు మీంచి దూకాలి, అడుగుదాకా మునగాలి, పిడికెడు ఒండ్రు పట్టుకొచ్చి అందరికీ చూపాలి. ఉత్త చేతులతో తేలితే లెక్కలోకి రాదు. గట్టు మీదున్నవాళ్లు ఒకటి, రెండు, మూడు అంటూ లెక్కపెడుతుంటారు. ఎవడు ఎక్కువసేపు కనబడకుండా పోతే వాడే మొనగాడు. ఖిల్లా ఘణపూర్ చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా అలాంటి మొనగాడి పేరు ఒకటి చెబుతారు. గుట్టల మీద కోట, కోట కింద గోన గణపరెడ్డి పేరుతో నిలిచిన గణపసముద్రం చెరువు, పొలాల్లో బాయిలు. ఏ దిక్కుకు పోయినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా ఇక్కడి పిల్లలకు నీళ్లంటే జంకు లేదు.

ఈ అధ్యాయం ఆ మొనగాడి కోసం రాస్తున్నాను. చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నప్పుడు అతనికి సముద్రం అడుగు చూడాలన్న కోరిక పుడుతుంది. హైదరాబాద్‌లో విమానం ఎక్కి అండమాన్‌లో దిగుతాడు. అక్కణ్నుంచి ఓడలో స్వరాజ్ ద్వీప్‌కు, అంటే మనవాళ్లు ఇంకా హావ్‌లాక్ అనే పిలుస్తున్న దీవికి చేరుకుంటాడు. వీపుకు సిలిండర్ కడతారు, కళ్లకు ముక్కుకు కలిపి మాస్క్ పెడతారు, నోట్లో రెగ్యులేటర్ పెడతారు. అప్పుడు శిక్షకుడు చెప్పే మొట్టమొదటి నియమం: నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి ఆపకూడదు, ఒక్క క్షణం కూడా.

మన మొనగాడికి ఊళ్లో పేరు తెచ్చిన విద్య అదొక్కటే. ఇక్కడ ముందుగా వదులుకోవలసిందీ అదే.

కారణం తెలియకపోతే ఈ నియమం చాదస్తంలా అనిపిస్తుంది. అందుకే కాస్త వివరంగా చెబుతాను. బాయిలో మునిగేవాడు గట్టు మీద పీల్చుకున్న గాలితోనే కిందికి పోతాడు. పది మీటర్ల లోతుకు పోతే అక్కడి ఒత్తిడి గట్టు మీది ఒత్తిడికి రెండింతలు. ఛాతీలోని గాలి సగానికి సగం కుంచించుకుపోతుంది. పైకి వస్తుంటే తిరిగి పాత పరిమాణానికి వస్తుంది. పీల్చిందెంతో పైకి వచ్చాక ఉండేదీ అంతే కాబట్టి ఊపిరితిత్తులకు ప్రమాదం లేదు. సిలిండర్ కట్టుకుని మునిగే స్కూబాలో లెక్క పూర్తిగా వేరు. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గన్యాన్ కలిసి తయారుచేసిన రెగ్యులేటర్ గొప్పతనమంతా ఒక్క పనిలో ఉంది: మనం ఏ లోతులో ఉంటే ఆ లోతు ఒత్తిడికి సరిపడా గాలిని నోటికి అందించడం. అంటే పది మీటర్ల దగ్గర నిండా పీల్చిన ఊపిరిలో, గట్టు మీద పీల్చినదానికి రెండింతల గాలి ఉంటుంది. ఆ ఊపిరిని బిగపట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలుగా ఉబ్బాలని చూస్తుంది. నోరు మూసి ఉంటే దానికి దారేది? ఊపిరితిత్తుల పొరలు చినుగుతాయి. బుడగలు రక్తంలో కలిసి మెదడుకు పోతే మనిషి పైకి తేలిన కొద్ది నిమిషాల్లోనే కూలిపోతాడు. దీనికి లోతే అక్కర్లేదు. నిండు ఊపిరి బిగపట్టి మీటరు, మీటరున్నర పైకి లేచినా చాలు, హాని జరగవచ్చు.

చిక్కేమిటంటే, భయం వేసినప్పుడు మనం చేసేది సరిగ్గా అదే. మాస్క్‌లోకి చుక్క నీళ్లు రాగానే, చెవిలో చురుక్కుమనగానే, పక్కనుంచి పెద్ద చేప పోగానే ఛాతీ బిగుసుకుంటుంది, కాళ్లు పైకి తన్నుతాయి. బాయిలో ఈ అలవాటు ప్రాణం కాపాడింది. పగడపు దిబ్బ దగ్గర అదే ప్రాణం తీస్తుంది. మన ఇళ్లలో ఆడపిల్లలను బాయి దగ్గరికి పోనివ్వడం తక్కువ. ఆ అన్యాయం గురించి వేరే చోట రాయాలి. కానీ స్కూబా నేర్చుకునేటప్పుడు వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది: మరచిపోవలసింది ఏమీ లేదు. శిక్షకుడు చెప్పింది చెప్పినట్టు చేస్తారు. ఇబ్బందంతా మాకు వచ్చులే అనుకుని నీళ్లలో దిగేవాళ్లతోనే.

నీళ్లలోనే కాదు, బిగపట్టడాన్ని బడిలో, ఇంట్లో, కూలి పనుల దగ్గర మనం గుణంగానే పెంచుకున్నాం. ఎండకు ఓర్చుకో, ఆకలికి ఓర్చుకో, మాట పడు, పైకి చెప్పకు. వలస పోయి దేశమంతా ఆనకట్టలు కట్టి, కాలువలు తవ్విన పాలమూరు కూలీల బతుకు ఆ ఓర్పు మీదే నిలిచింది. దాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. అయితే ఒత్తిడి పెరిగే చోటికి ఆ అలవాటునే పట్టుకుపోతే ఏమవుతుందో చూడండి. అమీర్‌పేటలో గది తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్న పిల్ల ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా అంతా బాగుందనే చెబుతుంది. రెండో ఏడూ అదే మాట, మూడో ఏడూ అదే మాట. లోపల పేరుకుంటున్నది ఎవరికీ కనబడదు. వారానికి ఒకసారైనా ఒక మనిషికి ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవడం బలహీనత అని ఆమెకు ఎవరో నేర్పారు. అది తప్పు. లోతులో ఉన్నవాళ్లు ఊపిరి వదులుతూనే ఉండాలి.

ఇక నేర్చుకునే పద్ధతికి వద్దాం. చెప్పినంత మాత్రాన అలవాటు పోదు. దాన్ని చేతలతో పోగొడతారు, నడుములోతు నీళ్లలో.

మోకాళ్ల మీద ఇసుకలో కూర్చుంటారు. తల నీళ్లలో మునిగి ఉంటుంది. శిక్షకుడు ఎదురుగా కూర్చుని తన నోట్లోంచి రెగ్యులేటర్ తీసి చేత్తో పట్టుకుంటాడు. పెదాలు కొద్దిగా తెరిచి, ఆ... అని సన్నగా రాగం తీస్తున్నట్టు చిన్నచిన్న బుడగలు వదులుతాడు. ఆ బుడగలు ఆగకూడదు. అలా వదులుతూనే రెగ్యులేటర్ మళ్లీ నోట్లో పెట్టుకుని, ఒక్కసారి గట్టిగా ఊది లోపలి నీళ్లు బయటికి పంపి, అప్పుడు నెమ్మదిగా పీలుస్తాడు. తర్వాత మీ వంతు. మొదటిసారి అందరూ పెదాలు బిగించేస్తారు. శిక్షకుడు వేలితో మీ పెదాలు చూపిస్తాడు. మళ్లీ చేయిస్తాడు. తర్వాత మాస్క్ వంతు: అంచు కొద్దిగా ఎత్తి నీళ్లు నింపుకోవాలి, తల కాస్త పైకెత్తి, మాస్క్ పైఅంచును నుదుటికి నొక్కిపట్టి ముక్కుతో గాలి వదలాలి. నీళ్లు కింది నుంచి జారిపోతాయి. కళ్ల ముందు నీళ్లున్నా నోటితో హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చని ఒంటికి అర్థమైన ఆ నిమిషం నుంచి మనిషి మారిపోతాడు. గుండెదడ తగ్గుతుంది, చేతులు ఊరికే కొట్టుకోవడం మానేస్తాయి.

చెవుల సంగతి బాయిలో మునిగినవాళ్లకు కొత్త కాదు. రెండు మూడు మీటర్లు దిగగానే పోటు మొదలవుతుంది. బాయిలో దాన్ని ఓర్చుకుని అడుగుకు పోతాం. ఇక్కడ ఓర్చుకోకూడదు. ముక్కు మూసుకుని మెల్లగా గాలిని చెవుల్లోకి నెట్టాలి, అదీ నొప్పి రాకముందే, దిగే ప్రతి మీటరుకూ. తెరుచుకోకపోతే కొద్దిగా పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. జలుబు ఉన్న రోజు దిగొద్దు. ఎంత డబ్బు కట్టినా సరే, దిగొద్దు. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, గర్భం ఉంటే ముందే డాక్టరును కలవాలి. అక్కడ ఇచ్చే ఆరోగ్య పత్రంలో అన్నిటికీ లేదు అని రాసేసి సంతకం పెట్టడం మనవాళ్ల అలవాటు. అబద్ధపు సంతకం నీళ్లలో పనికిరాదు.

సైగలు కూడా నేర్చుకోవాలి. మన ఫొటోల్లో అందరం బొటనవేలు ఎత్తి సూపర్ అంటాం. నీటి అడుగున ఆ సైగకు అర్థం పైకి పోదాం అని. చేపలను చూసి సంబరపడి బొటనవేలు చూపిస్తే శిక్షకుడు మిమ్మల్ని పైకి తీసుకుపోతాడు. బాగున్నానని చెప్పడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. అరచేయి చాచి అటూ ఇటూ ఊపితే ఏదో ఇబ్బంది ఉందని. ఆ తర్వాత ఇబ్బంది ఎక్కడుందో వేలితో చూపాలి.

గాలి లెక్క మరో ముఖ్య విషయం. పన్నెండు లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో నింపితే సుమారు 2,400 లీటర్ల గాలి ఉంటుంది. ప్రశాంతంగా ఉన్న మనిషి నిమిషానికి 20 లీటర్లు వాడతాడనుకుందాం. గట్టు మీదైతే రెండు గంటలు వస్తుంది. పది మీటర్ల లోతులో గంట, ఇరవై మీటర్లలో 40 నిమిషాలు, ముప్పై మీటర్లలో అరగంట. అందులో పైకి రావడానికి, అనుకోని అవసరానికి కొంత తీసి పక్కన పెట్టాలి. కంగారుపడేవాడికి ఇందులో సగం సమయం కూడా రాదు. అంటే నెమ్మది అనేది స్వభావం విషయం మాత్రమే కాదు, మిగిలిన గాలిని చూపే గేజ్ మీద అంకెల్లో కనబడుతుంది. లోపలికి నాలుగు అంకెలు, బయటికి ఆరు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీయడం ఇంటి దగ్గరే, మంచం మీద పడుకుని సాధన చేయవచ్చు. అంకెల మధ్య బిగపట్టడం మాత్రం చేయొద్దు.

ఇంత తంటా దేనికోసం? కింద కనబడేదాని కోసం. పగడం రాయి కాదు, చెట్టూ కాదు. చిన్న చిన్న జీవులు తమ ఒంటి చుట్టూ సున్నపు గూడు కట్టుకుంటూ, తరాల మీద తరాలు పేర్చిన ఊరు అది. మాస్క్ లోపలి గాలి వల్ల అన్నీ మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. ఎర్ర రంగు కొద్ది మీటర్ల లోతులోనే మాయమవుతుంది. టార్చి వేస్తే బూడిద రంగనుకున్న కొమ్మ చటుక్కున కుంకుమలా మెరుస్తుంది. శబ్దం గాలిలోకన్నా నీటిలో నాలుగు రెట్లు వేగంగా పోతుంది కాబట్టి పడవ మోత ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి చెప్పలేదు. ఈ ఊరికి అతిథులుగా పోతున్నాం. పగడాన్ని ముట్టుకోవద్దు, దాని మీద నిలబడొద్దు. సముద్రం వేడెక్కి 2010లో, 2016లో అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి. ఆ దెబ్బ నుంచి కోలుకోవాలని చూస్తున్న చోట మన కాలికి తొడుక్కున్న ఫిన్ తగిలి విరిగిన కొమ్మ మళ్లీ అంత కావడానికి ఏళ్లు పడుతుంది. దిబ్బలు కట్టే పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఒడ్డున దొరికిన ముక్కైనా సంచిలో వేసుకుని తేవడం నేరం.

ఇక గుహలు. మన మొనగాడి మనసు లాగేది అక్కడికే.

కర్నూలు దాటి బెలూం గుహలకు పోయి వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. మూడు కిలోమీటర్లకు పైగా సాగే సున్నపురాయి దారులు, అట్టడుగున పాతాళగంగ. రాయిని కరిగించి ఆ దారులు వేసింది నీరే. ఉష్ణమండల సముద్రాల్లో చాలా గుహలదీ ఇదే కథ. ఇరవై వేల ఏళ్ల కిందట మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్లు తక్కువ. అప్పుడు పొడి నేలగా ఉన్న సున్నపురాతిలో వాన నీరు గుహలు తొలిచింది. మంచు కరిగి సముద్రం పెరిగాక అవి మునిగాయి. మెక్సికోలోని యుకటాన్‌లో 340 కిలోమీటర్లకు పైగా మునిగిన గుహల వల ఉంది. నీటిలో వేలాడుతున్న సున్నపు కమ్ములు చూస్తే అక్కడ ఒకప్పుడు నీరు లేదని తెలుస్తుంది, ఎందుకంటే చుక్క చుక్కగా రాలే చోటే అవి పుడతాయి.

కానీ బెలూంలో కరెంటు పోతే నిలబడి కేకేయొచ్చు. నీటి గుహలో తల పైన రాయి. ఇబ్బంది వస్తే నేరుగా పైకి పోవడం కుదరదు, వచ్చిన దారినే పోవాలి. ఫిన్ ఒక్కసారి అడుగున తగిలితే ఒండ్రు లేచి, గాజులా ఉన్న నీరు నిమిషంలో మట్టి నీళ్లవుతుంది. చేతిలోని టార్చి కూడా కనబడదు. అమెరికాకు చెందిన షెక్ ఎక్స్‌లీ ఫ్లోరిడా గుహల్లో జరిగిన మరణాలను పరిశీలించి 1979లో ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో తేలినవి పెద్ద రహస్యాలు కావు: బయటిదాకా తెగకుండా తాడు వేసుకోలేదు, తిరుగు దారికి గాలి మిగుల్చుకోలేదు, తాహతుకు మించిన లోతుకు పోయారు. అంత తెలిసిన ఎక్స్‌లీ కూడా 1994లో మెక్సికోలో రికార్డు లోతు కోసం దిగి తిరిగి రాలేదు.

గుహ డైవర్ల లెక్క మూడో వంతు లెక్క. గాలిలో మూడో వంతు లోపలికి పోవడానికి, మూడో వంతు బయటికి రావడానికి, మిగిలిన మూడో వంతు ముట్టకూడదు. అది మీతో కలిసి దిగిన జోడీది. గుహ చివర అతని గాలి ఆగిపోతే ఇద్దరూ మీ సిలిండర్ మీదే బయటపడాలి. వాళ్ల రెండో నియమం నాకు ఇంకా ఇష్టం: ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణం వల్లనైనా వెనక్కి పోదాం అని సైగ చేస్తే అందరూ వెనక్కి తిరగాలి. ఎందుకని అడగకూడదు. పైకి వచ్చాక కూడా ఎత్తిపొడవకూడదు.

2018లో థాయిలాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో వరద నీటికి చిక్కుకున్న 12 మంది పిల్లలను, వాళ్ల కోచ్‌ను బయటికి తెచ్చినప్పుడు ప్రపంచమంతా టీవీల ముందు కూర్చుంది. జూన్ 23న లోపలికి పోయినవాళ్లు జూలై 2న కనబడ్డారు, 10వ తేదీకి అందరూ బయటపడ్డారు. మధ్యలో జూలై 6న, లోపల సిలిండర్లు పెట్టి వస్తూ సమాన్ కునాన్ అనే మాజీ నౌకాదళ డైవర్ చనిపోయాడు. ఎంతో శిక్షణ ఉన్న మనిషి. మన జిల్లాల్లో ఈ దుఃఖం దగ్గరి నుంచి చూశాం. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం పైకప్పు కూలి 8 మంది చిక్కుకున్నారు. సైన్యం, నౌకాదళం, సింగరేణి బృందాలు వచ్చినా నీరు, బురద దారి ఇవ్వలేదు. చిక్కుకున్నవాళ్లు పని కోసం పోయినవాళ్లు, వాళ్ల చేతిలో ఏమీ లేదు. సరదాకు పోయే మన చేతిలో మాత్రం గుమ్మం దగ్గర ఆగడం ఉంది. రెండు వైపులా వెలుతురు కనబడే చిన్న రాతి తోరణం కిందినుంచి శిక్షకుడు తీసుకుపోతే వెళ్లండి. అవతలి వెలుతురు కనబడని చోటికి, గుహ శిక్షణ లేకుండా అడుగు కూడా వేయొద్దు. మామూలు సర్టిఫికెట్, ఎన్ని ఉన్నా, దానికి చాలదు.

ఈ మూడో వంతు లెక్క నీళ్ల కోసమే చెప్పడం లేదు. మన రైతుకు దీని అవసరం బోరు బండి వచ్చిన రాత్రి తెలుస్తుంది. మూడు వందల అడుగులు అనుకుని మొదలుపెడతారు. దుమ్ము లేస్తూనే ఉంటుంది, చెమ్మ కనబడదు. ఇంకో యాభై అడుగులు అంటారు ఎవరో. ఇంతదాకా వచ్చాం కదా అంటారు మరొకరు. ఆ మోతలో, ఆ లైటు వెలుగులో, చుట్టూ పదిమంది నిలబడి ఉండగా ఆపమని చెప్పడం ఎంత గట్టి మనిషికైనా కష్టం. లోతులో ఉన్నప్పుడు బుర్ర సరిగా పనిచేయదు. డైవర్లకు ముప్పై మీటర్లు దాటితే నైట్రోజన్ మత్తు ఎక్కడం మొదలవుతుంది. మత్తులో ఉన్నవాడికి తాను బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే వెనక్కి తిరిగే అంకెను పడవ మీదే, ఎండలో, నిమ్మళంగా ఉన్నప్పుడు అనుకుని జోడీకి చెబుతారు. బండి రాకముందే ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో, ఎంత డబ్బు ముట్టుకోకూడదో ఇంట్లో కూర్చుని కాగితం మీద రాయండి. ఆ కాగితం ఇంటామె చేతిలో పెట్టండి. ఆమె ఆపమంటే ఆపాలి, కారణం అడగకుండా. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు కూడా మొదటి ఏడాదే రాసుకోవాలి: ఎన్నో ప్రయత్నం తర్వాత ఇంకో దారి చూసుకుంటాం, ఆ రోజుకు చేతిలో ఎంత మిగిలి ఉండాలి అని.

ప్రయాణం సంగతి కూడా చెప్పి ఆపుతాను. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అండమాన్ నీళ్లు తేటగా ఉంటాయి. ఈత రాకున్నా శిక్షకుడు పట్టుకుని తీసుకుపోయే పరిచయ డైవ్ చేయవచ్చు, 12 మీటర్లకు మించి దిగనివ్వరు. సర్టిఫికెట్ కోర్సు కావాలంటే మూడు నాలుగు రోజులు కేటాయించండి. 200 మీటర్లు ఈదడం, పది నిమిషాలు తేలి ఉండడం చూపాలి. బాయి ఈతగాళ్లకు అది పరీక్షే కాదు. ఒక్కో శిక్షకుడికి ఎంతమందిని అప్పగిస్తున్నారో అడగండి. రెండో రెగ్యులేటర్, గాలి గేజ్ పనిచేస్తున్నాయో లేదో మీ కళ్లతో చూడండి. దగ్గర్లో ప్రాణవాయువు కిట్ ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు. పైకి వచ్చేటప్పుడు మీ చిన్న బుడగలకన్నా వేగంగా రావొద్దు. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగండి. అంత లోతు లేదు కదా అని శిక్షకుడు వదిలేసినా మీరు అడిగి ఆగండి.

తిరుగు టికెట్ తీసుకునేటప్పుడు ఒక రోజు ఎక్కువ వేసుకోండి. చివరి డైవ్ అయ్యాక 18 గంటలు గడవనిదే విమానం ఎక్కకూడదు, ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవాలి. ఆ రోజును శ్రీవిజయపురంలో గడపండి. నిన్నమొన్నటిదాకా దాని పేరు పోర్ట్ బ్లెయిర్. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లు బజారులో పలకరిస్తారు. మధ్యాహ్నం సెల్యులార్ జైలుకు వెళ్లి, కాకినాడ బాంబు కేసులో శిక్షపడి అక్కడికి వచ్చిన ప్రతివాది భయంకరాచారి పేరు చెప్పి అడగండి.